ప్లేట్‌లెట్ల ప్యాకెట్ ఎక్కడ పాడవుతుంది?

వానలు వెనుదిరిగే రోజుల్లో, డెంగీ జ్వరాలు ముసిరే సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, శ్రీకాకుళం, విజయనగరం ఆసుపత్రుల చుట్టూ ఒకటే మాట వినిపిస్తుంది: "ప్లేట్‌లెట్లు పడిపోయాయట, నాలుగు ప్యాకెట్లు కావాలట." వాట్సాప్ గ్రూపుల్లో బ్లడ్ గ్రూపు, బెడ్ నంబరు, ఫోన్ నంబరు తిరుగుతుంటాయి. ఎక్కడో దొరికిందని తెలియగానే బంధువుల్లో ఒకరు బైకు తీస్తారు. వెళ్తూ వెళ్తూ దారిలో ఐసు ముక్కలు కొని థర్మోకోల్ డబ్బాలో పోసుకుంటారు. రక్తం కదా, చల్లగా ఉండాలన్న జాగ్రత్త. అంత కష్టపడి సంపాదించిన ప్యాకెట్ సగం చచ్చేది ఆ డబ్బాలోనే.

ఒకే మనిషి చేతి నుంచి ఒకే సూదితో వచ్చిన రక్తం, విడదీశాక మూడు వేరు కాపురాలు పెడుతుంది. ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల ఫ్రిజ్‌లో నెలకు పైగా దాచవచ్చు. ప్లాస్మాను మైనస్ 30 డిగ్రీల్లో గడ్డ కట్టిస్తే ఏడాది నిలుస్తుంది. ప్లేట్‌లెట్లకు ఈ రెండూ పడవు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య, రాత్రీ పగలూ మెల్లగా ఊపుతూ ఉంచాలి. అంత చేసినా వాటి ఆయుష్షు 5 రోజులే. అయినా ఆసుపత్రి వరండాలో అందరూ అడిగేది "ఎన్ని ప్యాకెట్లు దొరికాయి?" అని. ఆ ప్యాకెట్ ఎన్ని గంటలు ఎక్కడ గడిపి వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. నిజానికి నాణ్యత తేలేది అక్కడే.

ప్లేట్‌లెట్ పూర్తి కణం కూడా కాదు. ఎముక మూలుగలో ఉండే మెగాకారియోసైట్ అనే పెద్ద కణం నుంచి తెగి రక్తంలోకి వచ్చే చిన్న ముక్క. పళ్లెంలా బల్లపరుపుగా ఉంటుంది. రక్తనాళానికి చిల్లు పడితే అక్కడ అతుక్కుని, ఒకదాన్నొకటి పట్టుకుని ఆ చిల్లు పూడ్చడం దాని పని. చలి తగిలితే పళ్లెం ఆకారం పోయి బంతిలా ముడుచుకుంటుంది, ఒంటి మీద ముళ్లు లేస్తాయి, పైపొర మీది ప్రొటీన్లు గుంపులు కడతాయి. చాలాసేపు చలిలో ఉన్నాక మళ్లీ వెచ్చబెట్టినా పాత ఆకారం రాదు. అలాంటి ప్లేట్‌లెట్‌ను రోగికి ఎక్కిస్తే కాలేయం దాన్ని పాడైన సరుకు కింద లెక్కగట్టి ఒకటి రెండు రోజుల్లో ఏరి పారేస్తుంది. ఒంట్లో మామూలుగా 8 నుంచి 10 రోజులు బతికే కణం అది. 22 డిగ్రీల్లో ఉంచినవాటికీ 4 డిగ్రీల్లో ఉంచినవాటికీ ఈ తేడాను 1969లో మర్ఫీ, గార్డ్‌నర్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించాకే బ్లడ్ బ్యాంకుల్లో ప్లేట్‌లెట్లు ఫ్రిజ్ దాటి బయటికి వచ్చాయి. రక్తం ధారగా కారిపోతున్నవాళ్లకు అప్పటికప్పుడు కట్టు కట్టడానికి చల్లటి ప్లేట్‌లెట్లు పనికొస్తాయని అమెరికాలో 2023 నుంచి 14 రోజుల దాకా ఫ్రిజ్‌లో ఉంచడానికి ఒప్పుకుంటున్నారు. అది వేరే కథ, ఐసు డబ్బాకు అది సమర్థన కాదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. పుస్తకాల్లో ప్లేట్‌లెట్లను 'గది ఉష్ణోగ్రత'లో ఉంచాలని రాస్తారు. ఆ గది ఏ చలి దేశంలోదో కానీ ఆమదాలవలసలోదీ గజపతినగరంలోదీ మాత్రం కాదు. మే నెలలో మన గదులు ముప్పై అయిదు దాటుతాయి. వేడెక్కితే ప్లేట్‌లెట్లు తిండి త్వరత్వరగా ఖర్చు చేసి అలిసిపోతాయి, బ్యాక్టీరియాకేమో పండగ. కాబట్టి ఇక్కడ 22 డిగ్రీలు ఊరికే దొరికేది కాదు. ఏసీ, ఇంక్యుబేటర్, జనరేటర్ పెట్టి కొనుక్కోవాల్సిందే.

అసలు నాణ్యత మొదలయ్యేది దాత దగ్గర. ఆస్పిరిన్ వేసుకున్న మనిషి ప్లేట్‌లెట్లు లెక్కకు బాగానే కనిపిస్తాయి, పనికి మాత్రం మొండికేస్తాయి. ఒక్క మాత్ర తగిలిన ప్లేట్‌లెట్ తన జీవితమంతా అలాగే ఉండిపోతుంది. అందుకే మూడు రోజుల లోపు ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ల నుంచి ప్లేట్‌లెట్లు తీసుకోరు. గుండె జబ్బుకు రోజూ ఎకోస్ప్రిన్ అనే ఆస్పిరిన్ మాత్ర వాడేవాళ్లు ఆ సంగతి చెబుతారు. చిక్కల్లా తలనొప్పికని కొట్టులో అడిగి మాత్ర వేసుకుని, పేరు కూడా మరిచిపోయినవాళ్లతోనే. నూనె, నెయ్యి బాగా దట్టించిన భోజనం చేసి వెంటనే రక్తమిస్తే ప్లాస్మా పాలలా తెల్లబడి పరీక్షలకు అడ్డం వస్తుంది. ఖాళీ కడుపుతో ఇవ్వడమూ మంచిది కాదు, ఇడ్లీ తిని వస్తే ఇద్దరికీ సుఖం.

జ్వరాల కాలంలో ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఉంది. మన దేశంలో దానమిచ్చిన ప్రతి రక్తానికీ తప్పనిసరిగా చేసే పరీక్షలు అయిదు: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్, మలేరియా. ఈ జాబితాలో డెంగీ లేదు. డెంగీ వచ్చి తగ్గినవాళ్లు 6 నెలలు, మలేరియా వచ్చి తగ్గినవాళ్లు 3 నెలలు రక్తం ఇవ్వకూడదన్న నిబంధన ఒక్కటే కంచె. మరి రోగి కోసం పరుగెత్తుకొచ్చే దాతలు ఎవరు? ఆ ఇంటివాళ్లు, ఆ వీధివాళ్లు. అదే దోమ కుట్టిన మనుషులు. జ్వరం పైకి రాకుండానే ఒంట్లో వైరస్ తిరుగుతున్నవాళ్లు వాళ్లలో ఉండొచ్చు. దాతను కూర్చోబెట్టి "పోయిన వారం ఒళ్లు వెచ్చబడిందా?" అని నిదానంగా అడిగే ఆ రెండు నిమిషాలు ఏ మెషీన్‌కూ తీసిపోవు.

సూది గుచ్చడంలోనూ నాణ్యత ఉంది. నరం ఒక్కసారికే దొరికి, రక్తం ఆగకుండా పారి, గడ్డ కట్టకుండా బ్యాగులో ఉంచిన మందుతో ఎప్పటికప్పుడు కలవాలి. సూది అటూ ఇటూ కదిపితే కండలోంచి వచ్చే పదార్థాలు రక్తాన్ని గడ్డ కట్టే దారి పట్టిస్తాయి, ప్లేట్‌లెట్లు బ్యాగులోనే తమ పని మొదలుపెట్టేస్తాయి. నిండడానికి పావుగంట పట్టిన బ్యాగు నుంచి ఎర్రకణాలు తీసుకోవచ్చేమో కానీ ప్లేట్‌లెట్లు తీయకపోవడమే మేలు.

ఆ తర్వాతిది గడియారం, ఈ రెండు జిల్లాల కథ అసలు అక్కడే ఉంది. ప్లేట్‌లెట్లు తీయాలనుకున్న రక్తాన్ని సేకరించిన 6 నుంచి 8 గంటల్లోగా విడదీయాలి, అప్పటిదాకా 20-24 డిగ్రీల్లోనే ఉంచాలి. ఇచ్ఛాపురంలో క్యాంపు పెట్టారనుకుందాం. ఉదయం తొమ్మిదిన్నరకు మొదటి దాత పడుకున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆఖరి దాత లేచాడు. దండలు, ప్రసంగాలు, సర్టిఫికెట్లతో ఫొటోలు, భోజనాలు అయ్యేసరికి రెండున్నర. శ్రీకాకుళం వంద కిలోమీటర్లు దాటిన దూరం. బండి చేరి, బ్యాగులు దించి, నంబర్లు సరిచూసి ల్యాబ్‌లో పెట్టేసరికి సాయంత్రం అయిదున్నర. మొదటి బ్యాగుకు అప్పటికే 8 గంటలు నిండాయి. ఆఖరి బ్యాగుకు ఇంకా మూడున్నర గంటల గడువుంది. రెండూ ఒకే క్యాంపు బ్యాగులే, ఒకే పెట్టెలో వచ్చినవే.

పైగా ఆ పెట్టెలో ఐసు వేశారా లేదా అన్నది క్యాంపులోనే తేలిపోవాలి. ఐసులో పెట్టిన రక్తం నుంచి ఎర్రకణాలు, ప్లాస్మా వస్తాయి, ప్లేట్‌లెట్లు రావు. ఐసు లేకుండా ఎండలో వ్యానులో తెస్తే మూడింటికీ ముప్పే. 22 డిగ్రీలకు తయారు చేసుకున్న జెల్ ప్యాకులు, ఏసీ బండి ఉంటేనే చలి తగలకుండా, వేడెక్కకుండా తేవడం కుదురుతుంది. అందుకే దూరపు క్యాంపుల్లో వంద బ్యాగులు సేకరించినా వంద ప్లేట్‌లెట్ల ప్యాకెట్లు తయారు కావు. జ్వరాల సీజనులో ప్లేట్‌లెట్ల కోసమే క్యాంపు పెట్టదలచుకుంటే బ్లడ్ బ్యాంకుకు గంట దూరంలో ఉన్న కాలేజీని ఎంచుకోవడం, పోనీ, కనీసం ప్రసంగాలను సాయంత్రానికి వాయిదా వేయడం తెలివైన పని.

ల్యాబ్‌లో జరిగేది చూడటానికి చేటలో చెరిగినట్టే ఉంటుంది. సెంట్రిఫ్యూజ్‌లో బ్యాగును గిరగిరా తిప్పితే బరువైన ఎర్రకణాలు అడుక్కి దిగుతాయి, తేలికైన ప్లేట్‌లెట్లు పైన ప్లాస్మాలో నిలుస్తాయి. మరీ గట్టిగా చెరిగితే గింజలూ పొట్టుతో పాటు ఎగిరిపోయినట్టు, వేగం కాస్త ఎక్కువైతే ప్లేట్‌లెట్లు కూడా అడుక్కి పోతాయి, తక్కువైతే ఎర్రకణాలు పైనే ఉండిపోతాయి. మెషీన్‌కు బ్రేకు గట్టిగా వేస్తే విడిపోయిన పొరలు మళ్లీ కలుస్తాయి. మొదట మెల్లగా తిప్పి, పైనున్న ప్లాస్మాను పక్క బ్యాగులోకి దించి, రెండోసారి గట్టిగా తిప్పడం మన దగ్గర ఎక్కువగా వాడే పద్ధతి. ఇందులో ప్లేట్‌లెట్లు అడుగున ముద్దలా అణిగిపోతాయి. ఆ ముద్దను వెంటనే కదపకూడదు, గంటసేపు అలా వదిలేసి ఆ తర్వాత మెల్లగా కలపాలి. అవతల వార్డు నుంచి ఫోన్లు మోగుతుంటాయి, బయట బంధువులు తలుపు కొడుతుంటారు. ఆ గంటను అరగంట చేస్తే ప్లేట్‌లెట్లు ఉండలు కడతాయి. ల్యాబ్‌లో టెక్నీషియన్ "ఇంకా టైం పడుతుందండీ" అన్నప్పుడు అది నిర్లక్ష్యమని కోప్పడేవాళ్లకు ఈ గంట సంగతి తెలియదు.

ఇంకో పద్ధతిలో ముందే గట్టిగా తిప్పి, ఎర్రకణాలకూ ప్లాస్మాకూ మధ్య మీగడలా ఏర్పడే పొరను వేరు చేసి, దాన్ని మెల్లగా తిప్పి ప్లేట్‌లెట్లు తీస్తారు. దీన్ని బఫీ కోట్ పద్ధతి అంటారు. ఇందులో ప్లేట్‌లెట్లు బ్యాగు అడుక్కి గట్టిగా నొక్కుకుపోవు, తెల్లకణాల కల్తీ కూడా తగ్గుతుంది. తెల్లకణాలు నిల్వలో ఉన్నన్నాళ్లూ జ్వరం తెప్పించే పదార్థాలు వదులుతుంటాయి. ఎక్కిస్తుండగా రోగికి చలి, వణుకు రావడానికి తరచూ ఇదే కారణం. మంచం పక్కన ఫిల్టర్ పెడితే కణాలు ఆగుతాయి కానీ అవి అప్పటికే వదిలిన పదార్థం ఆగదు. ప్యాకెట్ గులాబి రంగులో ఉందంటే ఎర్రకణాలు కలిశాయని అర్థం.

ఇక నిల్వ. ప్లేట్‌లెట్లు బ్యాగులో బతికే ఉంటాయి, ఊపిరి తీసుకుంటాయి. ప్లాస్మాలోని గ్లూకోజును తింటూ, బ్యాగు గోడ గుండా వచ్చే ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. అందుకే ఆ బ్యాగు ప్లాస్టిక్ గాలి ఆడేది కావాలి. పాత రకం ప్లాస్టిక్‌లో 3 రోజులే నిలిచేవి, గాలి బాగా ఆడే ప్లాస్టిక్ వచ్చాకే అది 5 రోజులైంది. ఊపడం కూడా గాలి కోసమే. ఊపు ఆగితే ప్లేట్‌లెట్లు ఒకచోట పేరుకుని, ఆక్సిజన్ అందక గ్లూకోజును లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్, అది 6.2 కంటే దిగితే పని అయిపోయినట్టే. ఇందులో ఓ తమాషా ఏమిటంటే, ఒకే బ్యాగులో ప్లేట్‌లెట్లు మరీ ఎక్కువైనా ఇదే గతి. కిక్కిరిసిన బ్యాగులో గాలి, తిండి చాలక ఆమ్లం త్వరగా పెరుగుతుంది. కౌంట్ ఎక్కువున్న ప్యాకెట్ అన్నివేళలా మంచి ప్యాకెట్ కాదు.

ప్యాకెట్ మంచిచెడ్డలు చూడటానికి మెషీన్ అక్కర్లేని పరీక్ష ఒకటుంది. బ్యాగును వెలుతురుకు ఎదురుగా పట్టి మెల్లగా వంచాలి. లోపల పట్టు మెరుపులాంటి సుడులు కదిలితే ప్లేట్‌లెట్లు పళ్లెంలాగే ఉన్నాయి. తేట నీళ్లలో చేపపిల్లల గుంపు ఒక్కసారి పక్కకు తిరిగినప్పుడు తళుక్కుమన్నట్టు, బల్లపరుపు కణాలన్నీ ఒకేవైపు తిరగడం వల్ల వచ్చే మెరుపు అది. దీన్నే స్విర్లింగ్ అంటారు. బంతుల్లా మారిపోయిన కణాలు ఎటు తిరిగినా ఒకటే, మెరుపు రాదు. అంచనా మనిషి కంటిని బట్టి ఉంటుంది కాబట్టి ఇది పీహెచ్ కొలతకు బదులు కాదు. కానీ ప్రతి ప్యాకెట్‌కూ చేయగలిగింది ఇదే. కొలతలన్నీ చేసేది నమూనాకే. మన నిబంధనల ప్రకారం తయారైనవాటిలో నూటికి ఒకటి పరీక్షించాలి, పరీక్షించినవాటిలో 75 శాతం ప్రమాణానికి అందితే చాలు. అంటే నాలుగింట ఒకటి తక్కువ పడొచ్చని లెక్కే ఒప్పుకుంటోంది.

కరెంటు సంగతి చెప్పకుండా ఉత్తరాంధ్రలో ఈ విషయం పూర్తికాదు. డెంగీ కాలమూ తుపాన్ల కాలమూ ఇక్కడ ఒకటే. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇంక్యుబేటర్‌లో ఊపే పరికరాన్ని యాజిటేటర్ అంటారు, అది కరెంటుతో నడిచేదే. ఊపు కొన్ని గంటలు ఆగినా ప్లేట్‌లెట్లు తట్టుకుంటాయి, 24 గంటల వరకు పెద్ద నష్టం లేదని పరిశోధనలు చెబుతాయి. తట్టుకోలేనిది ఏసీ ఆగిపోయాక గదిలో పెరిగే వేడిని. జనరేటర్‌కు డీజిలు కూడా ప్లేట్‌లెట్ల నాణ్యతలో భాగమే.

బ్యాక్టీరియా భయం ఎర్రకణాలకన్నా ప్లేట్‌లెట్లకే ఎక్కువ. ఫ్రిజ్‌లో నిద్రపోయే క్రిములకు 22 డిగ్రీలు హాయిగా ఉంటాయి. అవి వచ్చేది ఎక్కువగా దాత చర్మం మీదినుంచే. సూది గుచ్చే చోట శుభ్రం చేసి, మందు ఆరేదాకా ఆగడం, మొదట వచ్చే కొన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని చర్మపు ముక్కతో సహా పక్క సంచిలోకి మళ్లించడం, ఈ రెండూ ప్రమాదాన్ని బాగా తగ్గిస్తాయి. అమెరికాలో 1980ల్లో ప్లేట్‌లెట్ల గడువును 7 రోజులకు పెంచి చూశారు. రోగులకు బ్యాక్టీరియా సోకడంతో 1986లో మళ్లీ 5కు దించారు. అంటే ఆ 5 అనే అంకె ప్లేట్‌లెట్ల ఓపిక చూసి పెట్టింది కాదు, క్రిముల వేగం చూసి పెట్టింది.

ఆ అయిదులో ఒక రోజు దాకా పరీక్షలకే పోతుంది. మిగిలిన నాలుగింటిలో పండగ వస్తే? దసరాకు కాలేజీలకు సెలవులు, క్యాంపులు ఉండవు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను. ఊరంతా జనమే కానీ రక్తమిచ్చే మంచం మీద ఎవరూ ఉండరు. డెంగీ రోగులు ఎక్కువగా ఉండేది సరిగ్గా అప్పుడే. ఎర్రకణాలైతే ముందే దాచుకోవచ్చు, ప్లేట్‌లెట్లకు ఆ వీలు లేదు.

అందుకేనేమో అందరి నోటా ఎస్‌డీపీ, అంటే సింగిల్ డోనర్ ప్లేట్‌లెట్లు, అన్న మాట. ఒకే దాతను మెషీన్‌కు కలిపి, గంట గంటన్నర పాటు ప్లేట్‌లెట్లు మాత్రం తీసుకుని మిగతా రక్తం తిరిగి ఇచ్చేస్తారు. దాత బరువు కనీసం 50 కిలోలు, కౌంట్ కనీసం లక్షన్నర ఉండాలి. ఒక ఎస్‌డీపీ ఆరు మామూలు ప్యాకెట్లకు సమానమని చెప్పుకుంటారు. లెక్క వేసి చూస్తే ఆ మాట కొంచెం జారుతుంది. ఎస్‌డీపీలో కనీసం 30 వేల కోట్ల ప్లేట్‌లెట్లు ఉండాలి. మామూలు ప్యాకెట్‌లో, 450 మిల్లీలీటర్ల రక్తం నుంచి తీసినదైతే కనీసం 4,500 కోట్లు, 350 నుంచి తీసినదైతే 3,500 కోట్లు. కనీస ప్రమాణానికి అంటుకునే ప్యాకెట్లయితే ఏడు నుంచి తొమ్మిది కావాలన్నమాట. ఎస్‌డీపీతో లాభం ఏమిటంటే ఆరుగురి బదులు ఒక్కరి రక్తమే రోగి ఒంట్లోకి వెళ్తుంది, తెల్లకణాలు తక్కువ. పదేపదే ప్లేట్‌లెట్లు అవసరమయ్యే క్యాన్సర్ రోగులకు అది విలువైనదే. నాలుగు రోజుల్లో కోలుకునే డెంగీ రోగికి మామూలు ప్యాకెట్లు చక్కగా సరిపోతాయి. వేలకు వేలు అప్పు చేసి ఎస్‌డీపీ కోసం విశాఖ పరుగెత్తడం చాలాసార్లు అనవసరపు టెన్షన్.

విశాఖ నుంచే తేవాల్సి వస్తే శ్రీకాకుళానికి దారి వంద కిలోమీటర్లు పైనే, ట్రాఫిక్‌ను బట్టి రెండు మూడు గంటలు. ఐసు వద్దు, ఫ్రిజ్ వద్దు, కారు డిక్కీ అసలే వద్దు. థర్మోకోల్ డబ్బాలో బట్ట చుట్టి పెట్టుకుని, ఏసీ ఉన్న బండిలో ఒళ్లో పెట్టుకుని తెస్తే బాగుంటుంది. వార్డుకు చేరాక సిస్టర్ "డాక్టర్‌గారు వచ్చేదాకా ఫ్రిజ్‌లో పెడతాం" అంటే ఆపాలి. చేరిన అరగంటలో మొదలుపెట్టాలి. అంతకుముందు ఎర్రకణాలు ఎక్కించిన గొట్టం సెట్టుతోనే ఎక్కించకూడదు, కొత్త సెట్టు కావాలి. పాత సెట్టు ఫిల్టర్‌లో చిక్కుకున్న చెత్తకు ప్లేట్‌లెట్లు అతుక్కుపోతాయి.

ఇంత చేసినా మర్నాడు కౌంట్ పెరగకపోతే బంధువులు ప్యాకెట్‌నే అనుమానిస్తారు. మామూలు ప్యాకెట్ ఒకటి పెద్దవాళ్లలో 5 నుంచి 10 వేలు పెంచుతుంది, అంతే. రెండు ప్యాకెట్లకు లక్ష దాటుతుందనుకోవడం అత్యాశ. ఎక్కించిన గంటకు ఒకసారి, మర్నాడు ఒకసారి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. గంటకు పెరిగి మర్నాటికి పడిపోతే జ్వరమో, ఇన్‌ఫెక్షనో వాటిని తినేస్తోందని అర్థం. గంటకే పెరగకపోతే రోగి రక్తంలో వాటికి వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయేమో, మలేరియాతో ఉబ్బిన ప్లీహం పట్టేస్తోందేమో, లేదా నిజంగానే ప్యాకెట్ పాడైందేమో వెతకాలి. మన దగ్గర ఉదయం కౌంట్ ఒక్కటే చూసి తీర్పు చెప్పేస్తారు. డెంగీలో అయితే అసలు ఎక్కించడం అవసరమా అన్నదే ముందు ప్రశ్న. సింగపూర్, మలేషియాల్లో 20 వేలు, అంతకన్నా తక్కువ కౌంట్ ఉన్న డెంగీ రోగుల మీద చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, రక్తస్రావం లేనివాళ్లకు ముందుజాగ్రత్తగా ఎక్కించిన ప్లేట్‌లెట్లు రక్తస్రావాన్ని ఆపలేదని తేలింది.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఈ లెక్క మరోలా తిరుగుతుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చే కిడ్నీ రోగుల్లో కౌంట్ లక్షన్నర ఉండి కూడా చిగుళ్లలోంచి, ముక్కులోంచి రక్తం ఆగకపోవచ్చు. కిడ్నీలు వడకట్టలేక రక్తంలో పేరుకున్న మలినాలు ప్లేట్‌లెట్ల అతుక్కునే గుణాన్ని చంపేస్తాయి. అలాంటి ఒంట్లోకి ఎంత మంచి ప్యాకెట్ ఎక్కించినా కొద్ది గంటల్లో ఆ కొత్త ప్లేట్‌లెట్లూ పాతవాటిలాగే మొద్దుబారిపోతాయి. బ్లడ్ బ్యాంకులో స్విర్లింగ్ చూసి, పీహెచ్ చూసి, దారిలో ఐసు తగలకుండా తెచ్చినా అంతే. అక్కడ ముందు జరగాల్సింది డయాలసిస్, అవసరమైతే రక్తస్రావాన్ని తగ్గించే డెస్మోప్రెసిన్ ఇంజెక్షన్. ప్లేట్‌లెట్ల కోసం ఫోన్లు చేయడం ఆ తర్వాతి మాట.